మోపు ఎత్తే ఊపిరి

ప్రీఆంప్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇప్పుడు టక్కున చెబుతాను. మైకులోంచి సన్నగా వచ్చే గొంతును దిట్టం చేసే పెట్టె. ఆ పెట్టె మీద ఉన్నంత కోపం నాకు ఏ మనిషి మీదా లేదు. ఉహుఁ, అబద్ధం. స్టూడియో అన్న మీద ఉంది.

బోధన్‌లో మా చర్చిలో క్రిస్మస్‌కు నేను పాడుతుంటే విని, ఆయనే వచ్చి పలకరించాడు. నిజామాబాద్‌లో సెల్‌ఫోన్ల షాపు పైన ఆయన స్టూడియో.

"అక్కా, పొలంల పాడే పాటేమన్న ఉంటె చెప్పు, రికార్డు చేద్దం" అన్నాడు.

లేకేం! మా అవ్వ, నన్ను కన్నతల్లి, చెరుకు కొట్టే రోజుల్లో తానే కట్టుకున్న పాట ఉంది. చరణం చివర మోపు నెత్తికెత్తుకుంటూ "హుఁ" అని ఊపిరి బిగబట్టి వదలాలి. అది కూడా పాటే. ఇప్పుడు అవ్వకు ఆయాసం, రెండు మాటలు కలిపి అనలేదు. ఇంట్లో నేను పాడితే వింటుంది కానీ, తన పాటను ఊరంతా వినాలని, అదీ తను ఉండగానే వినాలని ఆమె ఆశ.

"నా పేరు గూడ రాస్తరా?" అని అడిగింది.

"నీ పేరే రాపిస్త" అన్నాను. పెద్ద మొనగత్తెను మరి!

స్టూడియోలో బల్ల మీద మూడు పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. "ముందుగాల గివి పోల్చుకుంటమక్కా. ఏది మంచిగుంటె అండ్ల పాట పాడుదువు" అన్నాడు. ఒకే చరణాన్ని మూడింటిలోనూ పాడాను. మొదటి దాంట్లో గొంతు కడిగిన గిన్నెలా ఉంది కానీ ఆ ఊపిరి ఎటుపోయిందో తెలియలేదు. మూడో దాంట్లో ప్రతి "స" బుస్సుమంది. రెండో దాంట్లో మాత్రం నా గొంతు బరువెక్కింది. "హుఁ" అన్నప్పుడు రొమ్ము అదిరినట్టు వినిపించి, నాకు అవ్వే గుర్తొచ్చింది. కళ్లనీళ్లు ఆగలేదు.

"గీ ఊపిరి అవసరమా అక్కా?"

"అన్నా, ఆడ మోపు లేస్తది. అది తీసేస్తె చెరుకు కిందనే ఉంటది."

ఆయన నవ్వాడు. "మంచిగ చెప్పినవ్. ఏదీ, ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి, మళ్లీ ఇంకోసారి, గొంతు ఎండిపోయేదాకా పాటంతా పాడించి చాయ్ తెప్పించాడు. ఇంత మర్యాదా అని మురిసిపోయాను నేను. పిచ్చి మొహాన్ని!

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "పిలుస్త అక్కా, పిలుస్త" అనేవాడు. చివరికి పాట యూట్యూబ్‌లో కనిపించింది. పాడింది హైదరాబాద్ పిల్ల. నాకు నచ్చిన ఆ రెండో పెట్టెలోనే పాడిందట. తియ్యగానే పాడింది. ఊపిరి లేదు. కింద "జానపదం" అని రాసి ఉంది, అవ్వ పేరు లేదు. నా గొంతు వేరే వీడియోలో ఉంది. పెట్టెల తేడా చూపించడానికి నా "హుఁ" ఒక్కటే కత్తిరించి పెట్టాడు. కింద జనం రెండో పెట్టె భేషని రాశారు. పాడిందెవరని ఒక్కరూ అడగలేదు.

కడుపు మండి ఫోన్ చేసి, అది మా అవ్వ కట్టిన పాట, ఆమె పేరేదని అడిగాను. "జానపదమంటె అందరిది గదక్కా. నీ గొంతు టెస్టుకు మస్తు పనికొచ్చింది" అన్నాడు.

"కూరల కల్యమాకు తీరు తీసి పారేసినవ్ గదన్నా!"

"ఫీల్ గాకక్కా" అని పెట్టేశాడు.

అవ్వ అంతా వింటూనే ఉంది. "పాటొచ్చిందా? ఏదీ, వెట్టు" అంది. ఆ పిల్ల పాట వినిపించడానికి నాకు చెయ్యి రాలేదు. నా వీడియోనే పెట్టి, ఫోను ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను. హుఁ. హుఁ. హుఁ. వీడియో అయిపోయింది. అవ్వ ఇంకా చెవి ఒగ్గే కూర్చుంది.

"మోపైతె ఎత్తినవు గని," అంది ఆయాసపడుతూ, "పాటేది బిడ్డా?"