రత్నాన్ని కొడుకు కసురుకున్నాడు

ఈ రోజు గిలకలదిండి చేపల మార్కెట్లో నాకు రత్నం మీద కుళ్ళు పుట్టింది. ఉన్న మాటే రాస్తున్నాను.

రత్నం నా పక్కనే కూర్చుని చేపలమ్ముతుంది. ఈ మధ్య ఆమె కొడుకు వచ్చి, ఫోనులో డబ్బులు పడే స్కానర్ పెట్టించాడు. పొద్దున ఒక టీచరుగారు నా దగ్గర పండుగప్పను బేరమాడి, స్కానర్ లేదన్నానని రత్నం దగ్గరకు వెళ్లారు. రత్నం కంగారుపడి కొడుక్కి ఫోన్ చేసింది. అతని గొంతు నాకూ వినపడింది.

“నాన్నా, డబ్బులు రావాలంటే నేను పిన్ను కొట్టాలా?”

“ఎన్నిసార్లు చెప్పాలే అమ్మా? మనం పంపితేనే పిన్ను. వచ్చేటప్పుడు అక్కర్లేదు. ఎవరు అడిగినా కొట్టకు.”

ఫోన్ పెట్టేసి, “చూశావా వదినా, రోజూ ఇలాగే కసురుతున్నాడు” అంది రత్నం.

“కసరనీ. నీకు కసిరేవాడున్నాడు” అన్నాను.

రత్నం తన డబ్బాలోంచి కాస్త ఐసు తీసి నా చేపల మీద వేసింది.

మా అబ్బాయి వేటకెళ్లి తిరిగి రాక రెండేళ్లయింది. బేరం పోతే పోయింది, నా కన్నంతా ఆ కసురు మీదే. బ్యాంకు వాళ్లు వచ్చి ఎంత చెప్పినా నేను స్కానర్ వద్దన్నాను. మర్చిపోతే ఎవరిని అడగను? ఇలా స్టేటస్ పెట్టడం మా అబ్బాయే నేర్పాడు. డబ్బుల సంగతి ఈసారి ఒడ్డుకొచ్చాక నేర్పుతానన్నాడు.

మీకు ఇవన్నీ ఎవరు నేర్పారో రాయండి. కసురుకుంటూ నేర్పితే అది కూడా రాయండి, చదువుకుంటాను.