గరిటె పెట్టకూడని కూర

మొన్న కొంటా సంతలో చేమాకుల కట్ట చేతిలోకి తీసుకున్నానో లేదో, కొననూ లేదు, కొరకనూ లేదు, గొంతులో గీరినట్టయింది. ఈ వయసులోనూ ఆ ఆకును చూస్తే నాకు దడే. మా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, చేమాకు వండాలంటే ముందు చింతపండు నానబెట్టేవాళ్ళం. పులుపు తగలని చేమాకు గొంతు పట్టిందంటే మంచినీళ్ళు కూడా దిగవని పెద్దవాళ్ళు చెప్పేవారు.

మా చిన్నాయన ఓడలో పనిచేస్తూ ఫిలిప్పీన్స్ అమ్మాయిని పెళ్ళి చేసుకుని, ఆమెను మా కిరాణా కొట్టు వెనకున్న ఇంట్లో దింపి, మళ్ళీ ఓడెక్కాడు. మాది నీచు తగలని ఇల్లు. చిన్నమ్మ పాపం చేపల ఊసే ఎత్తకుండా, మా పెరట్లో దొరికేవాటితోనే తన ఊరి వంటలు చేసేది. పెసలు మెత్తగా ఉడికించి దించే ముందు గుప్పెడు మునగాకు వేసేది, వంకాయ, బెండకాయ, గుమ్మడికాయ ఒకే గిన్నెలో మగ్గబెట్టేది. పేరుకు పరాయి దేశపు వంటలే గాని, కూరగాయలన్నీ మావే. తల్లి లేని నాకు ఆమే జడ వేసేది, రాత్రిళ్ళు ఆమె చాప మీదే పడుకునేదాన్ని.

వానలు వెనకబట్టాక ఒకనాడు ఆమె చేమాకులు కోసి, చేటలో పరిచి ఎండబెట్టింది. బాగా ఎండాక అల్లం, పచ్చిమిర్చి వేసి, ఆంధ్రా లారీలో వచ్చిన కొబ్బరికాయల పాలు పిండి పొయ్యి మీద పెట్టింది. చింతపండు మాత్రం ముట్టలేదు. అది చూసి నాయనమ్మ గడపలోనే ఆగిపోయింది.

"గొంతు పట్టిందో, ఈమెను మద్దేడుల మీ పెద్దత్త ఇంటికి తోలుత. మీ చిన్నాయన వచ్చేదాంక ఆడనే ఉంటది," అంది నాతో.

నాయనమ్మ అన్నమాట తప్పడం నేనెప్పుడూ చూడలేదు. అంతలో అడుగంటుతుందేమోనని నాయనమ్మే గరిటె తీసుకుని గిన్నెలో పెట్టబోయింది. చిన్నమ్మ ఒక్క అంగలో వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. మా ఇంట్లో నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపిన మనిషి లేడు, మా నాన్న కూడా ఆమె ముందు గొంతు పెంచేవాడు కాదు.

"కలపొద్దు, అత్తమ్మా," అని వచ్చీరాని తెలుగులో అంటూ చిన్నమ్మ తన గొంతు తడిమి చూపించింది.

ఆకు పూర్తిగా ఉడికే దాకా గరిటె పెట్టకూడదని, కలిపితేనే దురద పుడుతుందని వాళ్ళ వాడుకట. అదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా మద్దేడు వెళ్ళే బస్సు ఒక్కటే. తలుపు చాటున నిలబడి, జడ చివర నోట్లో కుక్కుకుని ఏడుపు ఆపుకున్నాను.

నాయనమ్మ చెయ్యి విడిపించుకుని, గరిటె కింద పెట్టి, పీట వేసుకుని కూర్చుంది.

"ముందుగాల నాకు పెట్టు. పిల్లకు పెట్టకు."

ఆమె మొదటి ముద్ద మింగింది. నేను ఆమె గొంతునే చూస్తూ ఉన్నాను. రెండో ముద్దకు దగ్గింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక అయిపోయింది అనుకున్నాను. చిన్నమ్మ మొహం తెల్లబోయింది. నాయనమ్మ చెంబు ఎత్తి నీళ్ళు తాగి, మిరపకాయలు ఎక్కువైనయి అని గొణుగుతూ మళ్ళీ కంచం ముందుకు జరిపింది.

ఆ తర్వాత ఎప్పుడు ఆ కూర పొయ్యెక్కినా, గరిటె జోలికి పోవద్దని అందరినీ కసిరింది నాయనమ్మే. కొన్నేళ్ళకు చిన్నాయన చిన్నమ్మను వాళ్ళ దేశం తీసుకెళ్ళిపోయాడు, ఆ తర్వాత నాయనమ్మా కాలం చేసింది.

సంతలో చివరికి ఆ కట్ట కొనే తెచ్చి, ఆకులు ఎండబెట్టి వండాను. కొబ్బరిపాలిప్పుడు ప్యాకెట్లలో వస్తున్నాయి, పిండే పనే లేదు. గిన్నె కుతకుతలాడుతుంటే నా చెయ్యి అలవాటుగా గరిటె మీదికి పోయింది. పట్టుకుని ఆపేవాళ్ళెవరూ లేరు, నేనే ఆగాను. ఆ రోజుల్లో భయమేస్తే వెళ్ళి ముడుచుకోవడానికి చిన్నమ్మ చాప ఉండేది. ఇప్పుడు భయం మాత్రమే ఉంది.