తొక్క తీసిన సంత్ర

ఎల్బీ నగర్ బస్టాప్‌లో నా పక్కన కూర్చున్న పెద్దావిడ సంచిలోంచి కమలాపండు తీసి మా పాపకు చూపించగానే, పాపను ఒళ్లోకి లాక్కున్నాను. పాపకు అప్పుడు మూడేళ్లు. మెడలో సన్నటి గొలుసు ఉంది. పిల్లలకు ఏదో తినిపించి ఎత్తుకుపోతున్నారని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉంది.

“పాప బయట ఏమీ తినదండీ,” అన్నాను.

“తినవెట్టనమ్మా, ఆడిపిస్త,” అందామె. స్టీలు డబ్బాలో సీసా నీళ్లు పోసి, “గీ సంత్ర మునుగుతదా, తేల్తదా? ముందుగాల నువ్వు చెప్పు బిడ్డా,” అని పాపనడిగింది.

పాప ఆలోచనలో పడింది. ఆమె తొందరపెట్టలేదు. ఆ ఓపిక చూస్తే నాకు అనుమానం ఇంకా పెరిగింది. గొలుసును గట్టిగా పట్టుకున్నాను.

“మునుగుద్ది,” అంది పాప.

పండు తేలింది. పాప కిలకిలా నవ్వింది. ఆమె తొక్క ఒలిచి మళ్లీ వేస్తే ఈసారి అడుక్కి పోయింది.

“ఎందుకూ?”

“మీ అమ్మనడుగు,” అంటూ ఆమె గొలుసు మీదున్న నా చేతి వైపు చూసింది. పండు తీసి తనే తినేసి, బస్సు రాగానే వెళ్లిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి కమలాపండ్లు కొన్నాను. ఇంట్లో బకెట్ ముందు కూర్చుని, తొక్కలో గాలి ఉంటుందని చెప్పబోయి ఆగాను.

“ముందు నువ్వు చెప్పు,” అన్నాను.

ఆమె మళ్లీ ఎదురుపడితే పాపను దగ్గరికి లాక్కోనని ఇప్పటికీ చెప్పలేను. ఆట మాత్రం ఆమె ఆడించినట్టే ఆడిస్తున్నాను.