ఏడో నెల కండ

డాక్టరీ చదువుతున్న మనవరాలు మొన్న తన ఫోనులో కడుపులోని పిండం బొమ్మ చూపించింది. చిక్కుడు గింజంత లేని ఆ ప్రాణికి వెన్ను పొడవునా రెండు పక్కలా పూసలు గుచ్చినట్టు చిన్న చిన్న దిమ్మెలు. వీపువీ, చేతులవీ, కాళ్ళవీ కండలన్నీ అక్కడినుంచే మొలుస్తాయట. నాకు నవ్వొచ్చింది. కండల సంగతి నాకు చెప్పడమేమిటి? మిర్యాలగూడ దారిలో ఇరుసుదాకా రేగడి బురదలో కూరుకుపోయిన ఎడ్లబండిని, లోపల నిండు చూలాలు కూర్చొని ఉండగానే, ఒంటిభుజంతో లేపినవాణ్ణి నేను.

అది పోలీసు యాక్షన్ అయిన మరుసటి వానకాలం. సూర్యాపేటలో మా పెరటి వెనుకే కుస్తీల తాలీం ఉండేది. ఎర్రమట్టి గోదా, నూనె వాసన, తెల్లారకముందే తొడలు చరిచే చప్పుడు మా తరంవాళ్ళకు నేను గుర్తుచేయనక్కర్లేదు. ఆ గోదాలో నన్ను పడగొట్టిన మొనగాడు లేడు. ఉన్నమాట చెప్పాలంటే నేను అందులోకి దిగిందే తక్కువ. ఒడ్డున కూర్చొని ఎవరి పట్టు ఎక్కడ సడలిందో చెప్పడం నా వంతు. కోదాడ నుంచి వచ్చిన ఉస్తాదు ఒకడు మాకు దైవసమానుడు. కడుపులో బిడ్డకు ముందు బొక్కలు, అంటే ఎముకలు, ఆ తర్వాత నెత్తురు, ఏడో నెల పడ్డాకే కండ అని ఆయన సిద్ధాంతం. గోడ లేచినంకనే గదా సున్నం పూసి గిలాబు చేసేది అని ఆయన అడిగితే ఎవడు కాదంటాడు?

సరిగ్గా అప్పుడే మా ఇంటిదానికి ఏడో నెల. తొలి కాన్పు, పుట్టిల్లు మిర్యాలగూడ. ఆనవాయితీ ప్రకారం పంపాలి. నేను పంపనన్నాను. గిలాబు వేళకు మనిషిని అత్తగారింట వదిలితే చారన్నం పెట్టి పహిల్వాను కావలసినవాణ్ణి పత్తికట్టె చేస్తారని నా భయం. రోజూ పొద్దున్నే చెంబెడు బాదం పాలు ఇచ్చి, పెరటి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పహిల్వాన్లు బస్కీలు తీస్తుంటే చూడమనేవాణ్ణి. ఆమె మాత్రం మిర్యాలగూడ వైపు మబ్బు పట్టిందా లేదా అనే చూసేది. నొప్పులు రాకముందు తల్లి దగ్గరికి చేరాలి, వాగులు పొంగితే బండి నడవదు, అదొక్కటే ఆమె దిగులు. ఎనిమిదో నెలా వచ్చింది, వానా మొదలైంది, నేను మాత్రం కదలలేదు.

ఒకనాడు మా అత్తగారే బండి కట్టించుకొని వాకిట్లో దిగింది. నా సిద్ధాంతమంతా ఓపికగా విని, "మా ఇంట్ల గూడ కండ పడతది అల్లుడా, జర బండెక్కనియ్యిండ్రి" అంది. ఇగ నేనూ వెంట బయలుదేరాను.

వాగు దాటాక బండి దిగబడ్డది. ఇందాక ఒంటిభుజం అన్నాను గానీ, రెండో చక్రం దగ్గర మా అత్తగారు ఉందని ఒప్పుకోవాలి. బండివాడు ఎడ్లను అదిలించాడు. ఏమైతేనేం, బండి లేచింది, అనుకున్న వేళకు పుట్టింటి గదిలోనే ఆడపిల్ల పుట్టింది. అది నా చూపుడువేలు పట్టుకుంటే విడిపించుకోలేకపోయాను. ఏడో నెల మహిమ అని తాలీంలో ఎంతకాలం చెప్పుకున్నానో.

మనవరాలు ఆ మహిమనూ తీసేసింది. రెండో నెలలోనే ఆ దిమ్మెల్లోని కణాలు చేతుల్లోకీ కాళ్ళల్లోకీ నడిచిపోతాయట, ఒకదానితో ఒకటి అతుక్కొని పోగులవుతాయట, తల్లికి తెలియకుండానే బిడ్డ కాళ్ళాడిస్తుందట. అంటే నేను తాపీ పట్టుకునేసరికే గిలాబు ముగిసిందన్నమాట. ఇప్పుడు అన్నీ తెర మీద ముందే కనిపిస్తాయి. మా రోజుల్లో బిడ్డ మెదిలిందన్న మాట వంటింట్లో పుట్టి, అమ్మ నోటిమీదుగా, అరుగు మీద కూర్చున్న మగవాడి చెవిన పడేసరికి వారం పట్టేది. ఆ వారమంతా ఇల్లాలి ముఖంలో ఒక చిన్న నవ్వు ఉండేది, ఎందుకో మనకు తెలిసేది కాదు. ఆ తెలియకపోవడం ఇప్పటి మొగుళ్ళకు దొరకదు.

ఇంతవరకు రాసి మా ఇంటిదానికి చదివి వినిపించాను. చిక్కుళ్ళు తుంచుతూ తలెత్తకుండానే అంది:

"బండి నువ్వెప్పుడు లేపినవ్? కొత్త చెప్పులు ఖరాబైతయని సంకల పెట్టుకొని గట్టు మీద నిలవడ్డవ్. దిగి తోసింది మా అమ్మ, నిండు కడుపుతోని నేను."