ఆఖరి లైను లేని పాట

మా మామ పోయాడు. పోయిన నెల రెండో ఆదివారం పొద్దున అత్త ఫోన్ చేసింది. ఫోన్‌లో ఎప్పుడూ వీధి చివరికి వినబడేట్టు మాట్లాడే మనిషి, ఆ రోజు మెల్లగా, "మీ మామ కాఫీ తాగి కుర్చీలో కూచున్నాడు పాపా. అట్లే ఉండాడు," అంది. ఆ మాటకు అర్థం ఏమిటో తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది. నేనుండే మూలకుళం నుంచి మామ ఇల్లున్న కోసపాళయం దాకా స్కూటర్ ఎలా నడిపానో గుర్తు లేదు. ప్రతి సిగ్నల్ దగ్గరా బుద్ధిగా ఆగానని మాత్రం గుర్తుంది. ఎందుకు ఆగానా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

మామ అంటే మా అమ్మకు ఆఖరి తమ్ముడు. అరవై దాటినా మా ఇంట్లో ఆయన్ని చిన్నోడనే అనేవాళ్ళు. ఆయనకు తెలుగు చదవడం రాదు. మా ఇళ్ళల్లో చాలామంది సంగతి అంతే, నోట్లో తెలుగు, చేతిలో అరవం. నేను పెద్దయ్యాక పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను. ఆయన ఉండి ఇది అచ్చయి ఉంటే నేనే పక్కన కూర్చుని చదివి వినిపించాల్సి వచ్చేది. మధ్యలో నాలుగుసార్లు ఆపి, ఇది ఇట్ల కాదు, అట్ల జరిగినాది అని దిద్దేవాడు. దిద్దేవాళ్ళు లేకుండా రాయడం నాకింకా అలవాటు కాలేదు.

మా తాతది స్టీలు పాత్రల కొట్టు. పెద్దమామ దాన్నే చూసుకున్నాడు. మామ మాత్రం పక్క సందులో సినిమా సీడీలు అద్దెకిచ్చే కొట్టు పెట్టాడు. తాతకు అది ఒక పట్టాన తలకెక్కలేదట. గిన్నె కొన్నవాడు దాన్ని ఇంట్లో ఉంచుకుంటాడు, బొమ్మ తీసుకున్నవాడు మర్నాడే తెచ్చి ఇచ్చేస్తాడు, ఇదేం వ్యాపారంరా అనేవాడట. మామ నవ్వి ఊరుకునేవాడు. తిరిగొచ్చిన ప్రతి సీడీనీ వెలుతురుకు పట్టి చూసి, దాని మీద ఊపిరి వదిలి, పాత బనీను గుడ్డతో నడిమి నుంచి అంచుకు నిదానంగా తుడిచేవాడు. చుట్టూ తిప్పి తుడిచేవాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మంట. గుండ్రంగా ఉండాదని గుండ్రంగా తుడిస్తే పాట మీదే గీత పడతాది అనేవాడు. సీడీల కాలం పోయి, ఆ కొట్టు ఫోన్లకు రీచార్జి చేసేదిగా మారినా, వెనక అరల్లో వాటిని అలాగే ఉంచాడు. పని లేనప్పుడు తీసి తుడిచేవాడు.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ కొట్టు ఇంటి పిల్లలందరిది. ముందు తలుపు సగం మూసి, చిన్న టీవీలో బొమ్మల సినిమా వేసేవాడు. అవి ఇంగ్లీషువి, కొన్ని అరవంలోకి మార్చినవి. ఒకటే షరతు. సినిమా అయిపోయాక పేర్లు పడుతుంటే ఎవరూ లేవకూడదు. లేస్తే చెవి మెలిపెట్టేవాడు. ఎందుకంటే, సినిమా నడుమ ఆ బొమ్మ పిల్లో, ముసలామో పాడిన పాటనే ఆఖర్లో పేర్ల మీద ఎవరో పేరున్న పాప్ గాయని డ్రమ్ములూ గిటార్లూ పెట్టి మళ్ళీ పాడేది. రెండూ విన్నాక మామ టీవీ ఆపి, ఇద్దరిలో ఎవురు బాగా పాడినారు అని అడిగేవాడు. ఊరికే ఈమె అంటే ఒప్పుకోడు. ఎందుకో చెప్పాలి. చెప్పినవాళ్ళకు ఒక మురుకు.

నేను ప్రతిసారీ ఆఖర్లో పాడినామెకే ఓటు వేసేదాన్ని. ఆమె గొంతు ఎక్కడా జీర లేకుండా ఉండేది, పాట పూర్తిగా ఉండేది, వింటే లేచి ఎగరాలనిపించేది. సినిమాలో పాడేవాళ్ళేమో నడుమ దగ్గుతారు, మాట్లాడతారు, పొయ్యి ఊదుతారు. మామ నాకు మురుకు ఇచ్చేవాడు గానీ ఒప్పుకునేవాడు కాదు. "సినిమాలో పాడేదానికి ఒక పని ఉంటాది పాపా," అనేవాడు. "ఆఖర్లో పాడేదానికి మైకు ఉంటాది."

ఆయన పాప్ పాటలకు పగవాడేమీ కాదు. ఒక సినిమాలో తల్లి ఎలుగుబంటి పాడే లాలిపాట ఉండేది. దాని విషయంలో మాత్రం ఆఖరామెకే మార్కులు వేశాడు. ఆ ఎలుగుబంటికి బిడ్డ తొందరగా పండుకుంటే చాలనే ఆత్రం తప్ప లాలి పాడే ఓర్పు లేదన్నాడు. మేం పడీపడీ నవ్వాం. కొట్టు వెనకే వాళ్ళ ఇల్లు, అత్త కూడా లోపలి నుంచి, నేనూ అట్లే పాడినా, ఎవురూ మార్కులు తగ్గించలేదే అంది.

మా ఇద్దరికీ చెడింది ఒక్క పాట దగ్గరే. లైట్‌హౌస్ కాపలాదారు కూతురి సినిమా అది. తండ్రి పడవ మీద పోయి ఎన్నాళ్ళకూ తిరిగి రాడు. పిల్ల రోజూ పైకెక్కి దీపం అద్దం తుడుస్తూ పాడుతుంది. లైనుకూ లైనుకూ నడుమ అద్దం మీద ఊపిరి వదులుతుంది, ఆ చప్పుడు పాటలోనే ఉంటుంది. ఇంగ్లీషు రాని పిల్లల కోసం మామ ఆ పాటను మా ఇంటి తెలుగులో చెప్పాడు. అద్దం తుడుస్తా తెల్లంగా, అలల అవతలికి కనబడేట్టు, చీకటి పడినా భయం లేదు నాయనా, నువ్వొచ్చే దారిలో… అంతే. అక్కడ ఆ పిల్లకు దూరాన తెరచాప కనబడుతుంది. గుడ్డ పడేసి మెట్ల మీద పరుగెడుతుంది. పాట తెగిపోతుంది, మెట్ల చప్పుడే మిగులుతుంది.

ఆఖర్లో గాయని పాడిన దాంట్లో ఊపిరి చప్పుళ్ళు లేవు. లైను తెగలేదు. నువ్వొచ్చే దారిలో నేనున్నా, నువ్వు రాకున్నా నా వెలుగు ఆరదు అని గొంతెత్తి ముగించింది, వెనక యాభైమంది కోరస్. నాకు పదమూడేళ్ళు. ఆ లైను విని ఒళ్ళు పులకరించింది. బడి వార్షికోత్సవంలో అదే పాడాను, బహుమతీ వచ్చింది. మామ మొదటి వరుసలో కూర్చున్నాడు. కిందికి దిగి ఎట్లుండాది మామా అని అడిగితే, విన్నా పాపా అన్నాడు.

విన్నా అనడం తప్ప ఆయన నా పాటను బాగుందన్న రోజు లేదు. బాగాలేదన్న రోజూ లేదు. బాగుందనే ఆ ఒక్క మాట కోసం నేను ఇరవై ఏళ్ళు పాడానంటే మీరు నవ్వుతారేమో. ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో మేడ మీద గదిలో మైకు పెట్టుకుని, చిన్నప్పటి బొమ్మల సినిమాల పాటలను నా పద్ధతిలో పాడి ఆన్‌లైన్‌లో పెట్టడం మొదలుపెట్టాను. పెట్టినదల్లా ముందు మామకు పంపేదాన్ని. గంటలోపు గొంతు మెసేజ్ వచ్చేది. విన్నా పాపా.

ఈ ఏడు లైట్‌హౌస్ పాట చేశాను. మామ చెప్పిన తెలుగు మాటలే తీసుకున్నాను, ఆఖరి లైను మాత్రం పాప్ గాయనిది తెలుగు చేసి కలిపాను. కీబోర్డు, చప్పట్లు, నా గొంతే నాలుగు పొరలు. నేను పెట్టిన వాటిలో జనానికి బాగా పట్టింది అదే. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఏడ్చామని రాశారు. ఈసారి మెసేజ్ కోసం ఆగలేదు, నేరుగా కొట్టుకే పోయాను. మామ ఏదో సీడీ తుడుస్తున్నాడు. ఇప్పుడైనా చెప్పు, ఎట్లుండాది అన్నాను. "ఆ ఆఖరి లైను ఎవురి కోసం పాడినావు?" అని అడిగాడు.

నాకు ముక్కు మీద కోపం, మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇంతమందికి నచ్చింది నీ ఒక్కడికే ఎక్కలేదా అన్నాను. పాట అన్నాక ముగియాలి కదా, సగంలో తెంపితే వినేవాళ్ళు ఏమనుకుంటారు అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నువ్వు సీడీలు తుడుచుకుంటూ ఆడనే ఉండిపోయినావు మామా అని కూడా నోరు జారాను. ఆయన కోప్పడలేదు. చేతిలోది అరలో పెట్టి, కాఫీ తాగుతావా అని అడిగాడు. నేను తాగకుండా వచ్చేశాను.

మూడు నెలలు కోసపాళయం వైపు పోలేదు. ఆఫీసుకు ఉప్పళం మీదుగా చుట్టు తిరిగి పోయాను, ఆ కొట్టు కనబడితే దిగాల్సి వస్తుందని. మామ మాత్రం మామూలుగానే ఉన్నాడు, పంపిన పాటలన్నిటికీ విన్నా అని వచ్చేది. అత్త రెండుసార్లు పిలిచింది. రెండోసారి, ఆదివారం వస్తానన్నాను. వస్తానన్న ఆదివారమే పోయాను, అత్త ఆ ఫోన్ చేశాక. ఇది రాయడానికి నా చెయ్యి రావడం లేదు గానీ, రాయకపోతే ఈ నాలుగు ముక్కలూ అబద్ధమైపోతాయి.

మామ ఇంట్లో పదహారో నాటి కార్యానికి పెద్దమామ సౌండ్ సెట్టు పెట్టించాడు. మాలో అది వాడుకే. వీధి గుమ్మం పైన స్పీకర్ కట్టి పొద్దున్నుంచీ భక్తి పాటలు వేస్తారు. భోజనాలకు ముందు నా లైట్‌హౌస్ పాట వేయించాలని పెద్దమామ అనుకున్నాడు. నువ్వు రాకున్నా నా వెలుగు ఆరదు అనే లైను ఈ రోజు కోసమే రాసినట్టుంది, మన చిన్నోడికి ఇంతకంటే ఏం గావాల అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన మాట తప్పు కాదు. చుట్టాలందరికీ సరిపోయే లైనే అది. నాకే అది సరిపోలేదు. మామకు ఎక్కని లైనును, మామ లేడని తెలిసి, మామ గుమ్మంలోనే మోగించాలా?

అత్తను అడుగుదామని వంటింట్లోకి పోయాను. వడ్డించడానికి ఆకులు తుడుస్తోంది. నా పాట వేయమంటున్నారు, వద్దని చెప్పేదా అన్నాను. మామకు నచ్చలేదని కూడా అన్నాను. అత్త తలెత్తి చూసింది.

"దినమూ కాఫీ తాగేటప్పుడు నీ పాటే పెట్టేవాడు పాపా. ఆ ఆఖరి లైను వచ్చే ముందర వేలుతో ఆపేసేవాడు. పూర్తిగా వినరాదా అంటే, వాళ్ళ నాయన వచ్చేసినాడు కదే, ఇంక పాట ఏంది అన్నాడు."

"మిగతాది బాగుండాదన్నాడా అత్తా?"

"దినమూ విన్నాడు కదమ్మా," అంది.

ఆ ఆదివారం పొద్దున కూడా విన్నాడా అని నేను అడగలేదు. నాకు ధైర్యం చాలలేదు. ఇప్పుడు కూడా లేదు.

సెట్టు అతనితో పాట వేయొద్దని చెప్పి మైకు అడిగి తీసుకున్నాను. కీబోర్డు లేదు, చప్పట్లు లేవు, నా గొంతుకు పొరలు లేవు. చాప మీద కూర్చుని అద్దం తుడుస్తా తెల్లంగా అని ఎత్తుకున్నాను. లైనుకూ లైనుకూ నడుమ ఊపిరి వదలడం ఇంతకాలం నాకు చేతకాలేదు. ఆ రోజు దాన్ని నేర్చుకోవాల్సిన పని పడలేదు, ఏడుపు ఆపుకోవడానికే అక్కడక్కడ ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. చీకటి పడినా భయం లేదు దగ్గర గొంతు బొంగురుపోయింది. దిద్దుకోలేదు. నువ్వొచ్చే దారిలో అన్నాను, ఆపేశాను.

ఎవరూ కదల్లేదు. ఇంకో లైను ఉందని అందరికీ తెలుసు, దాని కోసం ఎదురు చూస్తున్నారు. అత్త వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. ఆమె నా వైపు చూడలేదు, వీధి గుమ్మం వైపు చూసింది. ఆమెను చూసి పెద్దమామ, ఆయన వెనక మిగతావాళ్ళు, అందరం అటే తిరిగాం. సెట్టు అతను మైకు ఆపలేదు. బయట స్పీకర్‌లో, కోసపాళయం వీధంతటికీ, మామ ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది, ఎవరిదో గాజుల చప్పుడు, మా అందరి ఊపిరి. గుమ్మంలో ఎండ తప్ప ఎవరూ లేరు. అయినా చాలాసేపటిదాకా మాలో ఒక్కరూ చూపు తిప్పుకోలేదు.