ఎడమ చేత్తో తొడిగిన గాజులు

శ్రావణ శుక్రవారం ముందు రోజు. వన్ టౌన్‌లో మా గాజుల దుకాణం ముందు కాలు పెట్టే చోటు లేదు. ఒకావిడకి ఆకుపచ్చ గాజులు ఎక్కిస్తుంటే నా వేళ్లలోంచి జారి కిందపడి పగిలాయి. పగలడం మాకు కొత్త కాదు. వంగి ఏరదామంటే కుడిచెయ్యి రాలేదు. "ఏమైంది బీబీ?" అందావిడ. ఏం లేదమ్మా అందామనుకున్నాను. నోట్లోంచి ముద్దముద్దగా ఏదో శబ్దం వచ్చింది.

తొంభైల మధ్యలో మాట. నాకప్పటికి నలభై కూడా నిండలేదు.

మా ఆయన కరీం ఆటో పిలిచాడు. ఆస్పత్రికి అనుకునేరు! మా ఆడబిడ్డ ముందే ఎక్కి కూర్చుని, "పక్షవాతానికి పావురం నెత్తురే మందు" అంటూ ఎవరింటికో తీసుకుపోయింది. అప్పుడే కోసిన పావురం నెత్తురు భుజం నుంచి వేళ్ల దాకా రాశారు. నెత్తురు అంటితే నమాజుకి పనికిరాదని తెలిసిన మనుషులమే. కడగొద్దని కంబళి కప్పి పడుకోబెట్టారు. నోరు పనిచేస్తే అందర్నీ తిట్టిపోసేదాన్ని. మర్నాటికి కాలు కూడా పడిపోయాక, అప్పుడు గుర్తొచ్చింది మావాళ్లకి ఆస్పత్రి.

సీటీ స్కాన్ తీశారు. "బ్రెయిన్‌లో ఎడమవైపు క్లాట్ ఉందండీ. బీపీ చాలా హైగా ఉంది. ఇంతకుముందు ఎప్పుడైనా చూపించారా?" అన్నారు డాక్టరు గారు. అసలెప్పుడూ చూపించుకుంటేగా! ఆయన నా చేతి మీద ఎండిన నెత్తురు చూసి, అదేంటని అడిగి తెలుసుకున్నారు. "పావురం దగ్గర పోగొట్టిన టైమ్ నేను తేలేనమ్మా" అన్నారు.

కాలు మెల్లగా దారికొచ్చింది. మాట వచ్చింది, ఇంట్లోవాళ్లు ఎందుకొచ్చిందా అనుకునేంత వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. ఫిజియోథెరపీ మధ్యలో భుజం బిగుసుకుపోయింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. చీర కొంగు తగిలినా ప్రాణం పోయేది. "వేళ్లతో చేసే సన్నపని, ఫైన్ మూవ్‌మెంట్స్, రావడం కష్టమండీ, ఆశ పెట్టుకోకండి" అని డాక్టరు గారు చెప్పిన రోజు వెక్కి వెక్కి ఏడ్చాను. నాకొచ్చిన విద్య అదొక్కటే. ఎముక నొక్కి, నొప్పి తెలియకుండా, గాజు పగలకుండా తొడగడం. అది కూడా పోతే నేనెవర్ని? అల్లాతో దెబ్బలాడాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆడబిడ్డ పరామర్శకొచ్చింది. "అల్లా రాత భాభీ. ఇంక దుకాణం మానేసి తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చో" అంది.

ఒళ్లు మండిపోయింది. "రాసింది ఆయన. చదివి చెప్పడానికి నువ్వెవరు? కుడిచెయ్యి తీసుకున్నాడు, సరే, ఇచ్చినవాడే తీసుకున్నాడు. ఎడమచెయ్యి ఉంచాడుగా! మర్చిపోయి ఉంచాడంటావా?"

కోపంలో అన్నానే గానీ, ఆమె వెళ్లాక ఆ మాట నన్నే పట్టుకుంది. పోయిన చేతి కోసం ఏడవడం మానేశాను.

ఎడమ చేత్తో మొదలుపెట్టాను. నేర్చుకోవడానికి ఎవరి చెయ్యి దొరుకుతుంది? మా ఆయన తన చెయ్యి చాపి కూర్చున్నాడు. పక్క దుకాణం వాళ్లు నవ్వారు. "ఏం సాయిబూ, గాజులు తొడిగించుకుంటున్నావా?" మగాడికి అంతకంటే పెద్ద తిట్టు ఉంటుందా? ఆయన చెయ్యి తియ్యలేదు. "మా ఆవిడ తొడిగితే తొడిగించుకుంటా. మధ్యలో నీకేంటి నొప్పి?" అన్నాడు. గాజు ముక్కలు గుచ్చుకుని ఆయన మణికట్టంతా గీతలు పడ్డాయి.

ఇంతలో పటమట నుంచి సుజాత కబురు పెట్టింది. ఆ అమ్మాయికి పెళ్లి గాజులు తొడిగింది నేనే. ఇప్పుడు సీమంతానికీ బీబీయే రావాలంది. వెళ్లి, తాడుకి గుచ్చిన గాజుల మలారం విప్పి ఎడమచెయ్యి చాపానో లేదో, వాళ్ల నాయనమ్మగారు అందుకున్నారు. "కడుపుతో ఉన్న పిల్లకి ఎడం చేత్తో గాజులేంటే! ఒక్కటి పగిలిందంటే అశుభం కాదూ?"

ముత్తైదువలందరూ నన్నే చూస్తున్నారు. అక్కడ ఒక్క గాజు పగిలితే ఇంక ఊళ్లో ఏ శుభకార్యానికీ నన్ను పిలవరు. అయినా తల మాత్రం దించలేదు.

"పెద్దమ్మగారూ, ఈ చెయ్యి నేను ఎంచుకోలేదండీ. నాకు మిగిల్చినవాడికి లేని పట్టింపు మనకెందుకు? ఒక్క గాజు పగిలితే నేనే లేచి వెళ్లిపోతా."

"తొడుగు బీబీ" అని సుజాత చెయ్యి ఇచ్చింది. నీరుపట్టి ఉబ్బిన చెయ్యి. నా వంకర కుడిచెయ్యి దాని కింద ఆనించి, ఎడమచేత్తో నొక్కుతూ ఎక్కించాను. చివరి గాజు ఎముక దగ్గర ఆగింది. బిస్మిల్లా అనుకుని తోశాను. దిగింది.

నాయనమ్మగారు సుజాత చెయ్యి పట్టుకుని గాజులు తిప్పి తిప్పి చూశారు. తర్వాత తన చెయ్యి ముందుకు చాపి, "మెల్లిగా వెయ్యి, నావి పాత ఎముకలు" అన్నారు.

ఇన్నేళ్లయినా కుడిచెయ్యి టీ గ్లాసు పట్టుకోదు. బీపీ మాత్ర మానను, దుకాణం మానను. సీమంతాలకి ముందే చెప్పి పిలుస్తున్నారు.

మీకు చెప్పేది ఒక్కటే. నోరు వంకరపోయినా, మాట ముద్దయినా, చెయ్యి పడిపోయినా ఆ నిమిషంలోనే ఆస్పత్రికి తీసుకుపోండి. పావురం జోలికి పోకండి. దేవుడు దానికీ ఏదో రాసే ఉంటాడు, దాని నెత్తురు మన భుజానికి రాసుకోమని మాత్రం కాదు.