సెల్లార్‌లో కట్టె గచ్చు

"కిందికి వోతున్నవా?" అన్నాడు ఆయన, గల్లా పెట్టె ముందు కూర్చుని, తల ఎత్తకుండానే.

"వోతున్న."

"చెప్పులు మెట్ల మీదనే ఇడువు."

"ఎన్నిసార్లు జెప్తరు, ఇడుస్త తియ్యుండ్రి."

అంతే. మేమిద్దరం మాట్లాడుకున్న చివరి మాటలు అవే. నేను దుకాణం లోపలి మెట్లు దిగి, సెల్లార్‌లో చింతపండు ముందేసుకుని కూర్చున్నాను. కాసేపటికి పైనుంచి "వదినే!" అని మా మరిది కేక. ఎక్కి వచ్చేసరికి ఆయన గల్లా పెట్టె మీద తల ఆనించి, కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. దవాఖానకు తీసుకుపోయారు. గుండె అప్పటికే ఆగిపోయిందన్నారు.

పోయే ముందు మొగుడు పెళ్ళానికి ఏదో పెద్ద మాట చెప్తాడని అనుకుంటారు. మా ఆయన చెప్పుల మాట చెప్పి పోయాడు. నాకేం బాధ లేదు. ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. ఇప్పుడు మా మరిదికి కూడా తెలియాలి. ఎందుకంటే, ఆయన నా కోసం సెల్లార్‌లో వేయించిన కట్టె గచ్చును పీకించి, ఇనుప ర్యాకులు పెట్టిద్దామంటున్నాడు మరిది. అది పీకితే నేను కింద కూర్చోలేను. కింద కూర్చోకపోతే ఈ ఇంట్లో నేను ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఎదురుగా చెప్పబోతే నా బొంగురు గొంతు ఇంకా బొంగురుపోయి, మాట మధ్యలోనే తెగిపోతుంది. నాకేమో బస్తాల మీద సరుకు పేర్లు చదవడం వరకే వచ్చు. అందుకే నేను చెప్తుంటే మరిది బిడ్డ రాస్తున్నది.

మాది జనగామ బజారులో కిరాణా హోల్‌సేల్ దుకాణం. ముందు కొట్టు, వెనక ఇల్లు, కొట్టు కింద సెల్లార్. మిర్చి మహబూబాబాద్ నుంచి వస్తుంది. నేను పుట్టింది కూడా అక్కడే. "మీ ఊరి నుంచి ఎప్పుడన్న సల్లటి సరుకు వచ్చిందా?" అని మిర్చినీ నన్నూ కలిపి అనేవాడు ఆయన. చింతపండు మాత్రం భూపాలపల్లి దిక్కు నుంచి, ఘనపూర్, చిట్యాల ఊళ్ళ నుంచి వస్తుంది. దాన్ని కొట్టి, గింజలు రాల్చి, ఈనెలు లాగి, ముద్దలు చేయడం నా పని. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ అదే పని, ఆ సెల్లార్‌లోనే.

మా ఇంట్లో మనుషులెక్కువ. మరిది సంసారం, వచ్చిపోయే చుట్టాలు, మాల్ దించే హమాలీలకు చాయలు. ఆ సందడిలో మొగుడూ పెళ్ళాం ఒక మాట అనుకోవడానికి వీలుండదు. మధ్యాహ్నం బేరం పలచబడ్డాక ఆయన గల్లా తమ్ముడికి అప్పజెప్పి, "చింతపండు జూసొస్త" అని మెట్లు దిగేవాడు. రోజూ చూసే చింతపండులో రోజూ ఏం చూస్తాడని ఎవరూ అడగలేదు. పప్పుల బస్తాకు వీపు ఆనించి, నేను తీసిన గింజల్ని లాగి కుప్ప చేస్తూ, పొద్దుటి నుంచి దుకాణానికి ఎవరెవరు వచ్చారో, ఎవరేమన్నారో చెప్పేవాడు. కొడకండ్ల నుంచి వచ్చే ఒక ముసలాయన బెల్లం రుచి చూస్తూ చూస్తూ సగం ముక్క తినేసి, "జర ఉప్పగున్నది సేటు" అని లేచిపోయేవాడట. ఆయన ఆ ముసలాయన గొంతు పెట్టి చెప్తుంటే నాకు నవ్వుతో చేయి ఆగిపోయేది. మా కాపురం జరిగింది ఆ సెల్లార్‌లోనే అంటే తప్పు లేదు.

తర్వాత నా మోకాళ్ళు పట్టుకున్నాయి. కింద ఉన్నది సిమెంటు గచ్చు. ఎండాకాలం హాయిగానే ఉండేది గానీ, వానలు మొదలైతే గోనెసంచి వేసుకున్నా, చాప వేసుకున్నా చల్లదనం ఎముకల్లోకి ఎక్కేది. సంచి ఎత్తి చూస్తే అడుగున తడి. పీట వేసుకున్నా పాదాలు గచ్చు మీదనే కదా. కుర్చీలో కూర్చుంటే చింతపండుకు చేయి అందదు. గోడ పట్టుకుని లేచే రోజులు వచ్చాయి. దవాఖానలో డాక్టరమ్మ మందులు రాసి, "సల్లటి గచ్చు మీద మాత్రం కూసోవద్దమ్మా" అన్నది.

ఇంట్లో వాళ్ళకు ఆ మాట చాలు. "వదినె, ఇగ కిందికి దిగకు. కూలికి ఎవరినన్న పెట్టుకుందం" అన్నాడు మరిది. నా మంచికే అన్నాడు. సరేనన్నాను.

మర్నాటి నుంచి మధ్యాహ్నం కాగానే మా ఆయన వంటింటి గడపలోకి వచ్చి నిలబడడం మొదలుపెట్టాడు.

"ఏమన్న గావాల్నా బావగారూ?" అనేది తోటికోడలు.

"ఏం లేదమ్మా. మంచినీళ్ళు."

తాగి, నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయేవాడు. మర్నాడు మళ్ళీ నీళ్ళు. ఆ మర్నాడూ నీళ్ళే. ఒకరోజు తోటికోడలు నా చెవిలో, "అక్కా, బావగారికి షుగరేమన్న వచ్చిందా? గీ నీళ్ళు తాగుడేంది?" అన్నది. నేను పొయ్యి వైపు తిరిగి నవ్వుకున్నాను. ఆ నవ్వు చూశాడేమో, ఆ సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, "గచ్చు మీద ఇంకో గచ్చు ఏపిస్త. సప్పుడు జెయ్యకు" అన్నాడు.

ఆ ఆలోచన ఆయనకు మహబూబాబాద్ వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో పుట్టింది. మిర్చి బస్తాలు తేవడానికి పోయినప్పుడు అక్కడ కొత్త గది కడుతున్నారట. గోడలకూ నేలకూ థర్మాకోల్ పలకలు పరుస్తున్నారట. "లోపలి సలి బయటికి వోకుంట వాళ్ళు ఏస్తున్నరు. మనం కింది సలి మీదికి రాకుంట ఏసుకుందం" అన్నాడు. ఏదో ఘనకార్యం కనిపెట్టినట్టు మీసం తుడుచుకున్నాడు.

చిట్యాల నుంచి చింతపండు తెచ్చే వ్యాన్‌లోనే కట్టెపని చేసే ఒక వడ్లాయన వచ్చాడు. మంచి పనిమంతుడు, అంతకన్నా మంచి మాటకారి. దిగగానే చిన్న ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపు పెట్టి గచ్చుకు అంటించాడు. మర్నాడు విప్పి చూస్తే కవరు అడుగున నీటి బొట్లు.

"సేటు, మీ గచ్చుకు చెమటలు వడ్తున్నయ్. గిరాకీ లేక పరేషాన్ల ఉన్నట్టుంది."

"గిరాకీ సంగతి నీకెందుకు, చెమట సంగతి జూడు."

గచ్చు కడిగి ఆరబెట్టారు. మందపాటి నల్ల కవరు పరిచి, అంచులు గోడల మీదికి జానెడు ఎక్కించారు. దాని మీద గట్టిరకం థర్మాకోల్ పలకలు, పలకల మధ్య కట్టె రీపర్లు, ఆపైన ప్లైవుడ్. రీపర్లు కదలకుండా సిమెంటులోకి మేకులు దించుతానన్నాడు వడ్లాయన. మా ఆయన అడ్డం పడ్డాడు.

"నూనె డబ్బాకు పొక్క గొట్టి, నూనె కారొద్దంటే ఎట్లనయ్యా? కవరుకు పొక్కవడితె నెమ్ము మీదికి రాదా?"

వడ్లాయన కాసేపు గులిగి, ఒప్పుకుని, ప్లైవుడ్‌నే రీపర్లకు స్క్రూలతో బిగించాడు. అక్కడ మా ఆయన మాటే నెగ్గింది. నెగ్గిందన్న ఊపు మీద ఉన్నాడు కాబట్టే తర్వాతి మాట వినలేదేమో. చివరికి గోడల పక్కన చుట్టూ వేలెడు సందు వదిలాడు వడ్లాయన.

"గిదేంది, పని సగంల ఇడ్శినవ్?" అన్నాడు ఆయన.

"సగం గాదు సేటు. వానకాలం కట్టె ఉబ్బుతది. ఉబ్బితె జరుగనీకె జాగ గావాలె."

"దుకాణంల సందు ఇడుస్తరా ఎవరన్న? కందులు వడ్తయ్. కందులు వడితె పురుగు వడ్తది. ఆ పురుగు బస్తాలకు ఎక్కుతది."

"మీ ఇష్టం. కట్టెకు మీ దుకాణం సంగతి తెల్వది" అని సామాను సర్దుకుని వ్యాన్ ఎక్కాడు.

మా దుకాణపు వాళ్ళకు నేల మీద సందు కనిపిస్తే చేయి ఊరుకోదు. గింజ ఎక్కడ జారుతుందో, ఎక్కడ మురుగుతుందో అన్నదే పుట్టినప్పటి నుంచీ ధ్యాస. వడ్లాయన అటు పోగానే ఆయన రంపపు పొట్టులో జిగురు కలిపి ముద్ద చేశాడు. నేను పాత గరిటె కాడతో ఆ ముద్దను సందులోకి కూరాను. పిండివంటలు చేసే వాళ్ళలాగా ఇద్దరం మోచేతుల దాకా పూసుకున్నాం. అయిపోయాక ఆయన వంగి, ఒక కంది గింజను గోడ వైపు దొర్లించాడు. అది గోడకు తగిలి ఆగింది. ఎంత సంబరపడ్డాడో.

ఆ తర్వాత నన్ను కూర్చోమన్నాడు. కూర్చున్నాను. పాదాల కింద చల్లదనం లేదు. గొంగడి మీద కూర్చున్నట్టున్నది.

"ఎట్లున్నది?"

"మా అమ్మ ఒళ్ళె కూసున్నట్టున్నది."

"అయితె మా అత్తకు జర దండం వెట్టుకుంట" అని నిజంగానే నేలకు దండం పెట్టి, నా ఎదురుగా కూర్చున్నాడు. ఆ రోజే చెప్పాడు, ఇక దీని మీదికి చెప్పులు ఎక్కొద్దని. బజారు ఇసుక పడితే ప్లైవుడ్ గీసుకుపోతుందని. దుకాణంలో ఎవరు దిగినా ఆ మాట అనేవాడు. నాతో రోజూ అనేవాడు.

మొదటి వానాకాలం రానే వచ్చింది. ముసురు పట్టి, తడిగాలి సెల్లార్ నిండా చేరింది. ఒక పొద్దున దిగి చూస్తే గచ్చు నడుమన పూరీలాగా పొంగి ఉన్నది. పెసర్ల బస్తా ఒకటి పక్కకు ఒరిగింది. కాలు పెడితే కిర్రుమంటున్నది. మరిది దిగి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని, "అన్నా, వదినె కోసం గుట్ట గట్టినవా? గుడి ఎప్పుడు గడ్తవ్?" అన్నాడు. పైనుంచి హమాలీలు నవ్వారు.

ఆయన మొహం చిన్నబోయింది. "పీకి పారేద్దం తియ్యి. పాత గచ్చే మంచిగుండె" అన్నాడు.

నాకు భయమేసింది. అది పీకితే నేను మళ్ళీ వంటింట్లోకి పోవాలి, ఆయన మళ్ళీ గడపలో నిలబడి నీళ్ళు తాగాలి. నలుగురి ముందు ఆయనకు ఎదురు చెప్పిన మనిషిని కాను. ఆ పూట చెప్పాను.

"పీకుడు లేదు, ఏం లేదు. ముందు ఆ వడ్లాయనకు ఫోన్ జెయ్యుండ్రి."

ఫోన్‌లో వడ్లాయన అడిగింది ఒకటే: "సందు మూశిండ్రా సేటు?"

ఆయన ఫోన్ నా చేతికిచ్చాడు. "మూశినమయ్యా, మేమే మూశినం" అన్నాను.

"నాకెర్కనే అమ్మా. గోడ పొంటి కోశి, సందు మళ్ళ తెరువుండ్రి. వాన ఎలిసినంక అదే గూసుంటది."

ఆయన పక్క కొట్టు నుంచి ఉలి తెచ్చి, మోకాళ్ళ మీద పాకుతూ, తాను కూరించిన జిగురు ముద్దను తానే పెళ్ళగించాడు. రాలిన ముక్కలు నేను చేటలోకి ఎత్తుతుంటే, "కందులు వడ్తయే" అన్నాడు, చిన్నపిల్లవాడు బెంగపడినట్టు.

"పడనీయుండ్రి. నేను ఏరుత."

ఎండ తగిలిన కొద్దీ గచ్చు మెల్లగా దిగి చదునైంది. అప్పటి నుంచి చీపురు పుల్ల పెట్టి ఆ సందులోంచి గింజలు లాగడం నా పనుల్లో ఒకటైంది. నేను లాగి అరచేతిలో పోస్తే, ఆయన వాటిని ఊది బస్తాలో వేసి, "ఇయ్యాల గంతేనా? నిన్న ఎక్కువ వడ్డయ్" అనేవాడు. ఆ సందు మీద సన్న పట్టీ కొడతానని వడ్లాయన తర్వాత అన్నా, మా ఆయన వద్దన్నాడు. కింద ఏం జరుగుతుందో కనిపించాలట. తిట్టుకుంటూనే ఆ సందుతో చనువు పెంచుకున్నాడు మనిషి.

అట్లా కొన్నేళ్ళు ఆ కట్టె గచ్చు మీద మధ్యాహ్నాలు గడిపాం. నా మోకాళ్ళు పూర్తిగా మంచిగయ్యాయని కాదు. గోడ పట్టుకోకుండా లేస్తున్నాను, అంతే.

ఆయన పోయాక నెల మాసికం అయింది. నేను మళ్ళీ దిగాను. మరిది రోజూ మెట్ల దాకా వచ్చి తొంగి చూసేవాడు.

"వదినె, ఒక్కదానివి కింద కూసుంటె నాకు మంచిగనిపిస్తలేదు. ఎవరితోని మాట్లాడ్తవ్?"

"మాట్లాడనీకె గాదయ్యా. కూసుండనీకె వోతున్న."

"గది తీశేసి ర్యాకులు వెట్టిస్త. బస్తాలకు జాగ అయితది. నువ్వు మీద జర నిమ్మళంగ ఉండొచ్చు."

అన్న లేని చోటును చూడలేక అంటున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. గల్లా ముందు కూర్చున్నప్పుడు వాడి కళ్ళు కూడా తడిసి ఉంటాయి. వాడిది నా మీద ప్రేమే. కానీ పైన నాకు నిమ్మళం ఎక్కడిది? వంటింట్లో అందరూ నన్ను చూసి గొంతు తగ్గిస్తారు. కింద చింతపండు నన్ను చూసి తగ్గదు, పెరగదు. అక్కడ నా చేతికి పని ఉంటుంది, కాళ్ళ కింద వెచ్చగా ఉంటుంది. ఆయన ఎదురుగా లేడు, నిజమే. కానీ నన్ను ఆ చోట కూర్చోబెట్టింది ఆయనే. ర్యాకులు కావాలంటే మెట్లకు అవతలి సగంలో పెట్టుకోమను, అక్కడ బస్తాలు తప్ప ఎవరూ కూర్చోరు. ఇవతలి సగం నాకు వదిలేస్తే చాలు. సందులో పడ్డ గింజలు నేనే ఏరుకుంటాను.

ఇంతే చెప్పాలనుకున్నాను. ఇంక రాయకు బిడ్డా, చేయి నొప్పి పెడుతుంది. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. నేను అన్నది అన్నట్టే ఉన్నదో లేదో వింటాను. జర గట్టిగ చదువు తల్లీ, పైన గల్లా కాడ మీ నాయిన ఉన్నడు. ఆయనకు గూడ ఇనవడాలె.